పాత బొలెరో పికప్‌లో 15డబ్ల్యూ-40 ఆయిల్: ఆరేళ్లు వాడాక

మా నాయన కొన్న 2006 బొలెరో పికప్ ఇది. 2,90,000 కిలోమీటర్లు దాటింది, ఇంజన్ ఇంతవరకు విప్పలేదు. ఆరేళ్లుగా షెల్ రిములా ఆర్4 ఎక్స్, 15డబ్ల్యూ-40 ఇంజన్ ఆయిల్ పోస్తున్నా. డబ్ల్యూ ముందున్న అంకె చలిలో, వెనకున్న అంకె వేడిలో ఆయిల్ ఎంత చిక్కగా ఉంటుందో చెబుతుంది; అంకె పెరిగితే చిక్కదనం పెరుగుతుంది. అంతకుముందు రెండేళ్లు 20డబ్ల్యూ-50 వాడాను కాబట్టి తేడా చెప్పగలను.

"అన్నా, బండి పాతబడింది, యాభై పోస్తే పొగ తగ్గుతుంది" అని మెకానిక్ అంటే ఆ చిక్కటి ఆయిల్ పోయించా. నీలం పొగ కొంచెం తగ్గిన మాట నిజమే. కానీ డిసెంబరులో పలమనేరులో తెల్లవారుజామున స్టార్ట్ చేస్తే ఆయిల్ లైటు ఆరేదాకా ఇంజన్ పైన వాల్వులను కదిపే ట్యాపెట్లు టకటకలాడేవి. చిక్కటి ఆయిల్ చలిలో పైకి చేరడానికి టైం పడుతుంది, అరుగుదల అక్కడే మొదలవుతుంది. 15కు మారాక ఆ చప్పుడు లేదు. మే నెలలో లోడుతో మొగిలి ఘాట్ ఎక్కినా ఒక్కసారీ లైటు వెలగలేదు. చిత్తూరు ఎండకు యాభై కావాలంటారు గానీ, బయట ఎంత కాసినా ఇంజన్ వేడిని అదుపులో పెట్టేది రేడియేటరు. అది శుభ్రంగా ఉంటే నలభై చాలు.

గ్రేడు (ఈ అంకెలు) కంటే ముందు డబ్బా వెనక ఏపీఐ రాత చూడండి, అంటే అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ ఆయిల్ నాణ్యతకు ఇచ్చే గుర్తు. సీతో మొదలైతే డీజిల్‌ది, ఎస్‌తో అయితే పెట్రోల్‌ది. నేను పోసేది సీఐ-4. 2002లో వచ్చిన ఈ రకం మసిని బాగా పట్టి ఉంచుతుంది. 2016 చివర్లో వచ్చిన సీకే-4 కూడా పోయొచ్చు, కానీ డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టరు) లేని మన బండ్లకు ఆ అదనపు ఖర్చు అవసరం అనిపించలేదు.

జూన్, జూలైల్లో బంగారుపాళ్యం నుంచి తోతాపురి కాయలు పల్ప్ ఫ్యాక్టరీకి తోలతాం. గేటు ముందు క్యూలో రాత్రంతా బండి కొంచెం కొంచెం జరుపుతూ ఉండాలి. మీటరు తిరగదు, ఆయిల్‌లో మసి మాత్రం చేరుతూనే ఉంటుంది. అందుకే మామూలుగా 5,000కు మార్చినా, సీజను అయిపోగానే కిలోమీటర్లు చూడకుండా దించేస్తా. ఫిల్టరు ప్రతిసారీ కొత్తదే.

కొత్త ఆయిల్ రెండు మూడు వందల కిలోమీటర్లకే నల్లబడుతుంది. దానికి కంగారు వద్దు, మసిని పట్టుకోవడం దాని పని. వెయ్యికి పావు లీటరు దాకా తాగుతుంది, అది ఇంజన్ వయసు. భయపడాల్సింది మట్టం పెరిగినప్పుడు. 2021లో ఒక నెల ఆయిల్ తగ్గలేదు, తర్వాత డిప్‌స్టిక్ మీద పై గీత దాటింది. మెకానిక్ వేళ్ల మధ్య రుద్ది వాసన చూశాడు, డీజిల్. ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిల్ కారి డీజిల్ కిందికి దిగి ఆయిల్ పలచనైపోయింది. ఇంకో నాలుగు ట్రిప్పులు తోలి ఉంటే బేరింగులు పోయేవే. నాజిళ్లు బాగు చేయించి, ఆయిల్ మొత్తం దించి కొత్తది పోశాం. అప్పటి నుంచి వారానికోసారి, పొద్దున్నే ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, సమంగా ఉన్న నేల మీద చూస్తా. చూడటమే కాదు, వాసన కూడా పడతా.

లూజు ఆయిల్ మాత్రం ఎంత చవకైనా కొనను. మూత సీలు చూసి, బిల్లు అడిగి తీసుకుంటా. ఖాళీ డబ్బాలో నకిలీ నింపి ఎవరికీ అమ్మకుండా, పాత సామాన్ల వాళ్లకు వేసే ముందు మేకుతో అడుగున బొక్క కొడతా.