బయటి టైల్స్ మీద తెల్ల మరకలు తీయిస్తున్నారా? లేబుల్ లేని క్యాన్‌తో వచ్చేవాళ్లతో జాగ్రత్త

ఇంటి ముందు, వరండాలో, మేడ మీద వేసిన టైల్స్ మీద తెల్ల మరకలు పడి, ఎంత కడిగినా పోక, డబ్బిచ్చి ఎవరితోనైనా తీయిద్దామనుకుంటున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మాకు డబ్బుతో పాటు టైల్స్ మధ్య జాయింట్లు కూడా పోయాయి. మరకలు మాత్రం తిరిగొచ్చాయి.

"మరక ఏదైనా సరే, ఒక్క పూటలో పోగొడతాం, గ్యారంటీ" అని చెప్పిన క్లీనింగ్ సర్వీసువాళ్లను పిలిచాం. వచ్చినవాళ్లు ఆ తెలుపు ఎప్పటి నుంచి ఉంది, వానాకాలంలో పెరుగుతోందా అని అడగలేదు. అది ఏ రకం టైలో చూడలేదు. లేబుల్ లేని ప్లాస్టిక్ క్యాన్ తెచ్చి, పొడి నేల మీదే నేరుగా పోసేశారు. జాయింట్ల వెంట బుసబుసమని నురగ, ఘాటైన పొగ, గొంతులో మంట. అందులో ఏముందని అడిగితే "మా సొంత ఫార్ములా, బయటికి చెప్పం" అన్నారు. కాసేపటికి నేల శుభ్రంగా కనిపించింది. పని పూర్తయినట్టు సంతకం పెట్టించుకుని వెళ్లిపోయారు.

వానలు పడి నేల ఆరాక అవే జాయింట్ల వెంట తెల్లటి పొడి మళ్లీ తేలింది, ఈసారి ఇంకా ఎక్కువగా. వేలితో గీకితే గ్రౌట్, అంటే జాయింట్లలో నింపిన సిమెంటు, ఇసుకలా రాలిపోతోంది. పక్కనున్న ఇనుప గ్రిల్ అడుగు భాగం తుప్పు పట్టింది. ఫోన్ చేస్తే, "లోపలి నుంచి వచ్చేదానికి మా గ్యారంటీ వర్తించదు, సీలర్ కొట్టిస్తే ఆగిపోతుంది" అన్నారు. సీలర్ అంటే నీళ్లు లోపలికి దిగకుండా వేసే పూత. ఆ పనికి మళ్లీ వేరే బిల్లు. అడుగున తడి ఆరిందో లేదో కూడా చూడకుండా మెరుపు పూత వేసి వెళ్లారు. ఇప్పుడు ఆ పూత కిందే పాలమీగడలా తెలుపు పట్టి కూర్చుంది. ఇంతకు ముందు బ్రష్‌తోనైనా కొంత రాలేది, ఇప్పుడు పూత మొత్తం తీస్తే తప్ప దాన్ని ముట్టుకోలేం.

ఇదంతా ఎందుకు జరిగిందో తెలిస్తే ఇలాంటి గ్యారంటీలకు మీరు లొంగరు. టైల్స్ కింద సిమెంటు మాలు ఉంటుంది. సిమెంటు గట్టిపడేటప్పుడు అందులో కాల్షియం హైడ్రాక్సైడ్ తయారవుతుంది. లోపలికి దిగిన నీళ్లు దాన్ని కొద్దికొద్దిగా కరిగించుకుని జాయింట్ల గుండా పైకి తెస్తాయి. పైన గాలిలోని కార్బన్ డయాక్సైడ్ తగిలి అది కాల్షియం కార్బొనేట్‌గా, అంటే నీళ్లకు కరగని తెల్లటి పెంకుగా మారుతుంది. గోడలకు చౌడు పొంగుతుందని అంటాం కదా, ఇదీ అలాంటిదే. అంటే మరక మూలం పైన లేదు, కింద తిరుగుతున్న నీళ్లలో ఉంది. పైపైన తీసినంత మాత్రాన "ఇక రాదు" అని ఎవరు చెప్పినా నమ్మకండి.

ఇక ఆ క్యాన్‌లో తెచ్చిన మందు సంగతి. ఆ ఘాటు, ఆ నురగ, ఆ తుప్పు చూస్తే అది హైడ్రోక్లోరిక్ యాసిడ్ అనే నా నమ్మకం. అది పెంకును కరిగిస్తుంది, నిజమే. కానీ గ్రౌట్ కూడా సిమెంటే కాబట్టి దాన్నీ అలాగే తినేస్తుంది. పొడిగా ఉన్న జాయింట్ యాసిడ్‌ను లోపలికి పీల్చుకుంటుంది. అందుకే ముందు నేలను నీళ్లతో బాగా తడపాలి. గ్రౌట్ గుల్లబారితే వాన నీళ్లు ఇంకా సులువుగా దిగుతాయి, ఇంకా ఎక్కువ తెలుపు తెస్తాయి. సరిగా కడగకపోతే ఆ యాసిడ్ చర్య వల్ల పుట్టిన క్లోరైడ్ ఉప్పు కూడా లోపలే మిగిలిపోతుంది.

"టైల్ యాసిడ్‌ను తట్టుకుంటుంది, భయం లేదు" అని వాళ్లు ధైర్యం చెబుతారు. పింగాణీ టైల్స్‌కు ఐఎస్ఓ 10545-13 అనే అంతర్జాతీయ ప్రమాణ పరీక్ష ఉంది, అందులో 3 శాతం, 18 శాతం హైడ్రోక్లోరిక్ యాసిడ్‌తో చూస్తారు. ఆ మాట టైల్‌కే, మధ్యలోని గ్రౌట్‌కు కాదు. పాలరాయి, సున్నపురాయి, సిమెంటు టైల్స్ అయితే యాసిడ్ తగిలిన చోట శాశ్వతంగా మచ్చ పడుతుంది. కొన్ని క్లీనర్లలో ఫ్లోరైడ్ ఉన్న యాసిడ్ ఉంటుంది, అది టైల్ పైనున్న మెరిసే గ్లేజ్ పొరనే తినేస్తుంది. హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ చర్మం మీద పడితే మొదట నొప్పి తెలియకపోయినా లోపల తీవ్రంగా గాయం చేస్తుంది. పిల్లలు తిరిగే ఇంట్లోకి పేరు లేని క్యాన్‌ను రానివ్వకూడదని నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఇదే. బ్లీచింగ్‌తో యాసిడ్ కలిస్తే విష వాయువు క్లోరిన్ వస్తుంది. కాబట్టి నేలను అంతకు ముందు దేనితో కడిగారో కూడా వాళ్లకు చెప్పండి.

ఎవరినైనా పిలిచే ముందు మీరే చూసుకోగలిగేది ఒకటుంది. ఆ తెల్ల పొడిని కొంచెం గీకి గాజు గిన్నెలో వేయండి. నీళ్లలో కరిగిపోతే అది నీళ్లకు కరిగే లవణం. పొడి బ్రష్‌తో ఊడ్చి తీసేయాలి, కడిగితే మళ్లీ జాయింట్లలోకే పోతుంది. నీళ్లలో కరగక, వెనిగర్ వేస్తే బుడగలు వస్తే కాల్షియం పెంకు. బోరు నీళ్ల మరకలూ చాలావరకు ఇలాగే బుడగలు ఇస్తాయి. రెండూ కాకపోతే ఎపాక్సీ గ్రౌట్ (సిమెంటు కాకుండా రెసిన్‌తో చేసిన గ్రౌట్) మిగులో, పాత సీలరో కావచ్చు, వాటిని మామూలు యాసిడ్ కదిలించలేదు. ఈ చిన్న పని కూడా చేయకుండా అన్ని మరకలకూ ఒకే మందు అనేవాళ్లను గుమ్మం దగ్గరే పంపించేయండి.

కాల్షియం పెంకు అయితే, టైల్ పింగాణీదే అయితే, సల్ఫామిక్ యాసిడ్ పొడి లేదా సిట్రిక్ యాసిడ్‌తో చేసిన క్లీనర్‌ను ముందు ఓ మూల ప్రయత్నించడం మేలు. ఇవి కూడా గ్రౌట్‌ను కొంత తింటాయి కాబట్టి నేల తడిపి, పలచగా కలిపి, కొద్దిసేపే ఉంచి, పుష్కలంగా నీళ్లతో కడగాలి. గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. యాసిడ్‌ను నీళ్లలో పోయాలి, నీళ్లను యాసిడ్‌లో కాదు.

సీలర్ అమ్మజూపితే అది పైన పొరలా కూర్చునే రకమా, లోపలికి ఇంకి ఆవిరిని బయటికి పోనిచ్చే రకమా అని అడగండి. నీళ్లు దిగే దారి మూయకుండా, నేల పూర్తిగా ఆరకుండా పొర వేస్తే మా గతే పడుతుంది. ఇప్పుడు మాకు మిగిలిన పని పూత తీయించడం, గుల్లబారిన గ్రౌట్ తీసి కొత్తది నింపడం, నీళ్లు నిలిచే చోట మేస్త్రీతో వాలు సరిచేయించడం. అసలు మొదటి రోజే వాళ్లు వాలు చూసి ఉంటే యాసిడ్ మాట రావాల్సిన పనే లేదు.

పని ఒప్పుకునే ముందు వాడే మందు పేరు, అందులో ఏముందో బిల్లు మీద రాయించుకోండి, సేఫ్టీ డేటా షీట్ (ఆ మందులో ఏముందో, దాని ప్రమాదాలేంటో చెప్పే కాగితం) అడగండి. ముందు ఒక మూల మాత్రమే చేయించి, బాగా తడిసి ఆరాక ఎలా ఉందో చూశాకే మిగతాది చేయించండి. మరక మళ్లీ తేలితే ఏం చేస్తారో కూడా రాతలో ఉండాలి. రాసివ్వం అంటే ఆ పని వాళ్లకు ఇవ్వకండి. పని మొదలయ్యే ముందు జాయింట్లు, గ్రిల్స్ దగ్గరగా కనిపించేలా ఫొటోలు తీసి పెట్టుకోండి, తర్వాత "ముందే ఇలా ఉంది" అని వాళ్లు అన్నప్పుడు చూపించడానికి పనికొస్తాయి.