కశాభం కదలడం కళ్లారా చూపిన సూక్ష్మదర్శిని

యూగ్లీనా అనే ఏకకణ జీవి బొమ్మను ఏళ్ల తరబడి నల్లబల్ల మీద గీస్తూ వచ్చిన జీవశాస్త్ర ఉపాధ్యాయురాలిగా, దాని కశాభం (ఈదడానికి వాడే కొరడాలాంటి పోగు) ఆడుతుండగా పిల్లలకు చూపించాలని నాకు ఎప్పటి నుంచో కోరిక ఉండేది. అందుకే 7,500 రూపాయలకు ఒక విద్యార్థి సూక్ష్మదర్శినిని కొన్నాను. 10 రెట్ల అక్షికటకం (కన్ను పెట్టి చూసేది), 4, 10, 40, 100 రెట్ల వస్తుకటకాలు (నమూనా వైపు ఉండేవి), ఎల్‌ఈడీ దీపం, వెలుగును తగ్గించే ఐరిస్ డయాఫ్రం ఉన్న ఈ పరికరాన్ని ఆరు నెలలు వాడాక ఈ సమీక్ష రాస్తున్నాను.

చెరువులో పచ్చగా తేలిన నీటి చుక్కను 10 రెట్ల వస్తుకటకంతో, అంటే మొత్తం 100 రెట్లలో చూస్తే పరుగెత్తే ఆకుపచ్చ నలుసులు తప్ప ఏమీ తెలియదు. 40 రెట్ల కటకంతో 400 రెట్లకు వెళ్లినా, దీపం పూర్తి వెలుగులో ఉన్నంతసేపు కశాభం కనిపించదు. ఎందుకంటే అది పారదర్శకంగా ఉంటుంది, మందం మిల్లీమీటరులో సుమారు 5,000వ వంతు మాత్రమే. డయాఫ్రంను మెల్లగా మూస్తూ వెళ్తే, ఒక దశలో యూగ్లీనా ముందు కొస నుంచి వెంట్రుకకన్నా సన్నని నల్లని గీత మెలికలు తిరుగుతూ బయటపడుతుంది. "టీచర్, ఇది వెనక నుంచి నెట్టడం లేదు, ముందుండి లాక్కెళ్తోంది" అని ఒక అమ్మాయి అన్నప్పుడు ఈ పరికరానికి పెట్టిన ఖర్చు దక్కిందనిపించింది.

క్లామిడోమోనాస్ అనే ఏకకణ ఆకుపచ్చ శైవలం ఇంకా ముచ్చటైనది. దాని రెండు కశాభాలు బావిలో ఈదే మనిషి చేతుల్లా ఒకేసారి వెనక్కు తోస్తాయి, సెకనుకు సుమారు 50 సార్లు. కంటికి అది మసకగానే తోస్తుంది కాని, అక్షికటకం దగ్గర ఫోను పెట్టి స్లో మోషన్‌లో తీస్తే, తోసేటప్పుడు కశాభం చాచుకుని ఉండడం, తిరిగి వచ్చేటప్పుడు వంగి ఒంటికి దగ్గరగా జరగడం తెలుస్తాయి. ఆ తేడా లేకపోతే కణం ముందుకు పోలేదు; అంత చిన్న ప్రాణికి నీరు తేనెలా చిక్కగా అడ్డుపడుతుంది కనుక, కశాభం ఆగిన క్షణమే కణమూ ఆగిపోతుంది.

పెట్టె మీద రాసిన ఒక మాట మాత్రం నాకు బాధ కలిగించింది. 100 రెట్ల నూనె కటకంతో (నూనె చుక్క వేసి వాడే వస్తుకటకంతో) బాక్టీరియా కశాభాలు కనిపిస్తాయట. వాటి మందం సుమారు 20 నానోమీటర్లు. ప్రత్యేక రంజనం (రంగు పట్టించడం) లేకుండా మామూలు కాంతి సూక్ష్మదర్శిని వాటిని చూపలేదు. అది నమ్మి పిల్లలు పెరుగు చుక్కను పరీక్షించి, బాక్టీరియా ఈదుతున్నాయని సంబరపడ్డారు. పెరుగులోని లాక్టిక్ ఆమ్ల బాక్టీరియాకు సాధారణంగా కశాభాలే ఉండవని, ఆ వణుకు నీటి అణువుల తాకిడి వల్ల వచ్చేదని తరువాత వివరించాల్సి వచ్చింది.

గాజు పలకను జరిపే మర లేనందువల్ల, 400 రెట్లలో ప్రాణిని వేలితో వెంటాడడం కష్టమే. చుక్కలో నాలుగు దూది పోగులు వేస్తే వాటి మధ్య చిక్కుకుని అది నిదానిస్తుంది. బడికి కొనేవారు 100 రెట్ల కటకం కోసం డబ్బు పోయకుండా, మంచి 40 రెట్ల కటకమూ ఐరిస్ డయాఫ్రమూ ఉన్నాయో లేదో చూసుకోవాలి. అయోడిన్ చుక్కను మాత్రం పీరియడ్ చివర్లోనే వేయండి. కశాభం గోధుమరంగులో స్పష్టపడుతుంది కాని, ఆ ప్రాణి ఇక కదలదు.