ఫ్యామిలీసెర్చ్‌తో పన్నెండేళ్లు: ఎదురింటి పోటీ, మా ఇంటి ఖాళీలు

"మీకు ఎన్ని తరాల పేర్లు తెలుసు?"

2013లో యూటా రాష్ట్రంలోని లీహైలో ఇల్లు తీసుకున్న మొదటి వారంలోనే ఎదురింటి పెద్దావిడ నన్ను అడిగిన ప్రశ్న ఇది. మూడు తరాలు అని చెప్పాను. నాన్న తద్దినం పెట్టినప్పుడల్లా గోత్రంతో కలిపి మూడు తరాల పేర్లు చదివేవారు, అలా నోటికి వచ్చేశాయి. ఆవిడ చాలా సంతోషించి, ల్యాప్‌టాప్ తెచ్చి తన ఫ్యాన్ చార్ట్ చూపించారు. విసనకర్రలా విచ్చుకున్న రంగుల అరల్లో ఒక్కో పూర్వీకుడి పేరు. వాళ్లలో ఒక జంట 1856లో అయోవా సిటీ నుంచి తోపుడుబండి లాక్కుంటూ సాల్ట్ లేక్ దాకా నడిచి వచ్చిన వాళ్లట. ఆ పేరు మీద వేలు పెట్టి చెబుతున్నప్పుడు ఆవిడ గొంతు మారిపోయింది. నేను ఫ్యామిలీసెర్చ్‌లో ఖాతా తెరిచింది ఆ సాయంత్రమే.

వంశవృక్షాలు కట్టుకునే ఈ వెబ్‌సైట్ మార్మన్ల చర్చిది. యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘం అనేది వాళ్ల పూర్తి పేరు, 2018 నుంచి అలాగే పిలవమని కోరుతున్నారు. వాడకం పూర్తిగా ఉచితం, వాళ్ల మతంలో ఉండాల్సిన పని లేదు. వంశవృక్షాల సంఘాన్ని వాళ్లు 1894లోనే పెట్టుకున్నారు. 1938లో మైక్రోఫిల్మ్ తీయడం మొదలుపెట్టి, ఊరూరా తిరిగి చర్చి పుస్తకాలు, కోర్టు దస్తావేజులు, జనాభా లెక్కలు పోగేశారు. ఇరవై నాలుగు లక్షల రీళ్లు మా ఊరికి దగ్గర్లోనే ఒక కొండను తొలిచి దాచారు. వాటన్నిటినీ డిజిటల్ చేయడం 2021లో పూర్తయింది. ఇప్పుడు వాటిలో చాలా భాగం ఇంట్లో కూర్చుని చూడొచ్చు. కొన్ని మాత్రం ఒప్పందాల వల్ల వాళ్ల సెంటర్లకు వెళ్తేనే కనిపిస్తాయి.

ఈ వనరులన్నీ గొప్పవే. నన్ను పన్నెండేళ్లు పట్టి ఉంచింది మాత్రం వాటిని వాడే మనుషులు.

వీళ్లకు పూర్వీకులను వెతకడం భక్తి, సరదా, పోటీ కూడా. యాప్‌లో దగ్గర్లో ఉన్న బంధువులను చూపించే ఫీచర్ ఒకటి ఉంది. ఒకే గదిలో ఉన్నవాళ్లు దాన్ని నొక్కితే ఎవరికి ఎవరు ఎన్నో వేలువిడిచిన వరసో తెలిసిపోతుంది. వార్డు విందులో ఫోన్లన్నీ ఒకేసారి బయటికి వచ్చేవి. వార్డంటే వాళ్లకు ఒక పేట చర్చి. తొమ్మిదో వేలువిడిచిన అన్న బంగాళాదుంప కూర వడ్డిస్తున్నాడని తెలిసి ఒకావిడ లేచి వెళ్లి అతన్ని కౌగిలించుకోవడం చూశాను. నా ఫోన్లో ఒక్క పేరూ రాలేదు. వచ్చే అవకాశమే లేదని తెలిసినా బెంగగా అనిపించింది.

అసలు పోటీ ఇండెక్సింగ్‌లో. పాత కాగితం ఫొటో స్క్రీన్ మీద వస్తుంది. అందులోని పేరు, వయసు, ఊరు చదివి టైప్ చేయాలి. అలా చేస్తేనే ఆ మనిషి వెతుకులాటలో దొరుకుతాడు. 2014 జులైలో ఇరవై నాలుగు గంటల్లో 50,000 మంది పాల్గొనాలని పిలుపు ఇస్తే 66,511 మంది వచ్చారు. వాళ్లలో నేనొకణ్ణి. మా వార్డుకూ పక్క వార్డుకూ పందెం, ఓడినవాళ్లు గెలిచినవాళ్లకు భోజనం పెట్టాలి. నేను రాత్రి పదకొండు దాకా కూర్చుని పడుకున్నాను. పొద్దున లేచి చూస్తే ఎదురింట్లో దీపం ఇంకా వెలుగుతోంది. అప్పటికి ఆవిడకు డెబ్బై నాలుగేళ్లు. మేమే గెలిచాం.

ఆ మరుసటి ఏడు వచ్చిన పని మాత్రం పందెం కోసం చేయలేదు. అమెరికా అంతర్యుద్ధం తర్వాత విముక్తులైన నల్లజాతి వాళ్ల కోసం పెట్టిన ఫ్రీడ్‌మెన్స్ బ్యూరో కాగితాలవి. 2015 జూన్ 19న మొదలుపెట్టి ఏడాదిలో దాదాపు 18 లక్షల పేర్లు బయటికి తీశారు. అంతకుముందు జనాభా లెక్కల్లో బానిసలకు పేరుండేది కాదు, యజమాని పేరు కింద వయసు, లింగం రాసి వదిలేసేవారు. 1870 లెక్కల్లోనే వాళ్లందరూ పేర్లతో కనబడతారు. ఈ కాగితాలు అంతకంటే ముందువి. ఒక తల్లి తన పిల్లలను ఎవరికి అమ్మేశారో వెతికిపెట్టమని రాయించుకున్న అర్జీ నా వాటాకు వచ్చింది. ఆ పిల్లల పేర్లు టైప్ చేసి, అక్షరం తప్పు పోయిందేమోనని నాలుగుసార్లు చూసుకున్నాను.

ఇక మన విషయానికి వస్తాను. తెలుగువాళ్లు ఇందులో తమ పూర్వీకులు రెడీగా దొరుకుతారనుకుంటే నిరాశే. 1786 నుంచి 1947 దాకా ఇండియా జనన, బాప్తిస్మ రికార్డులు ఉన్నాయి, క్రైస్తవ కుటుంబాల వాళ్లు అక్కడ వెతుక్కోవచ్చు. హరిద్వార్ పండాల (తీర్థ పురోహితుల) వంశావళి పుస్తకాలను కూడా ఫిల్మ్ తీశారు, కానీ వాటితో ఉత్తరాది వాళ్లకే ఎక్కువ ఉపయోగం. మా అమ్మ వైపు ముత్తాత కాకినాడలో ఓడెక్కి బర్మాలోని రంగం వెళ్లాడని ఇంట్లో చెప్పుకునేవాళ్లు. ఆయన కోసం పేరుకు తోచిన స్పెల్లింగులన్నీ వేసి చూశాను. దొరకలేదు.

అయినా నేను దీన్ని ఎందుకు వదల్లేదంటే, ఇందులోని ఒక నియమం వల్ల. ఆడవాళ్లను పుట్టింటి పేరుతోనే ఎక్కించాలి. చార్టులో నాయనమ్మ అర దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాను. పద్దెనిమిదేళ్లు ఆవిడ చేతి ముద్ద తిన్నవాణ్ణి, ఆవిడ పుట్టింటి ఇంటిపేరు నాకు తెలియదు! నాన్నకూ గుర్తులేదు. చివరికి గుడివాడలో పెద్దత్త చెప్పింది. "ఇన్నాళ్లకి అడిగావురా" అంది. తద్దినంలో మూడు తరాలు విన్నానని మురిసిపోయినవాణ్ణి, ఆ మూడు తరాల ఆడవాళ్ల పుట్టిళ్ల గురించి నాకేమీ తెలియదని ఆ రోజు అర్థమైంది.

తేదీలతో అంత ఇబ్బంది లేదు. మా తాత తాత బందరు ఉప్పెన వచ్చిన ఏడు పుట్టాడని మా ఇంట్లో మాట. "సుమారు 1864" అని వేస్తే తీసుకుంటుంది. తాత పేరు మనవడికి పెట్టే మన ఆచారంతో మాత్రం జాగ్రత్తగా ఉండాలి. ఒకే పేరు, ఒకే ఊరు కనిపిస్తే ఇద్దరూ ఒకరేనేమో అని అడుగుతుంది. నేను తొందరపడి అవునని నొక్కి తాతనూ ఆయన తాతనూ ఒకే మనిషిని చేశాను. మార్పుల చరిత్ర ఉంటుంది కాబట్టి వెనక్కి తీసుకోగలిగాను. ప్రపంచమంతటికీ ఒకటే చెట్టు, చనిపోయినవాళ్ల వివరాలు ఎవరైనా మార్చవచ్చు. అందుకే ప్రతి పేరు పక్కనా ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో రాసి పెట్టండి. బతికున్నవాళ్ల వివరాలు మామూలుగా ఎక్కించినవారికే కనబడతాయి, అందరికీ కనబడవు.

చాలామంది నన్ను అడిగేది ఇంకొకటి ఉంది. మార్మన్లు తమ పూర్వీకుల పేర్లు ఆలయానికి తీసుకెళ్లి వాళ్ల తరఫున బాప్తిస్మం తీసుకుంటారు. ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం ఆ ఆత్మ ఇష్టమని వాళ్ల నమ్మకం. తమ సొంత బంధువుల పేర్లే ఇవ్వాలన్నది వాళ్ల నియమం. నాజీల చేతిలో చనిపోయిన యూదుల పేర్ల విషయంలో పెద్ద గొడవై, 1995లో యూదు సంఘాలతో ఒప్పందం కూడా చేసుకున్నారు. నేను పెద్దావిడను సూటిగా అడిగాను. "మీ వాళ్లు మీ వాళ్లే, నా చెయ్యి పడదు" అన్నారు. ఆవిడ మాట నాకు చాలు. ఇంత చెప్పినా మనసు ఒప్పనివాళ్లు చనిపోయినవాళ్ల పేర్లు ఇక్కడ పెట్టకపోవడమే మంచిది, నోట్‌బుక్‌లో రాసుకున్నా పని జరుగుతుంది.

ఈ మధ్య పద్ధతి మారింది. 1950 జనాభా లెక్కలు 2022 ఏప్రిల్ 1న విడుదలైనప్పుడు చేతిరాతను ముందు కంప్యూటరే చదివేసింది, వలంటీర్లు సరిచూశారు. 2024 నుంచి దస్తావేజు లోపలి ప్రతి మాటనూ వెతికే సౌకర్యం కూడా వచ్చింది. వెతికేవాడిగా నాకు ఇది వరమే. వార్డుల మధ్య పందెం మాత్రం పోయింది, మెషీన్‌తో పందెం ఎవరు వేస్తారు? పెద్దావిడకు ఇప్పుడు ఎనభై అయిదు దాటాయి. కంప్యూటర్ తప్పు చదివిన పేర్లు వెతికి సరిచేయడం ఆవిడ కొత్త లెక్క. శనివారం పొద్దున్నే నాకు ఫోన్ చేసి ఈ వారం ఎన్ని పట్టారో చెబుతారు, నేను ఎన్ని పట్టానో అడుగుతారు.

నా చార్టులో ఇప్పుడు నాన్న వైపు అయిదు తరాలు ఉన్నాయి. అమ్మ వైపు అమ్మమ్మ వాళ్లమ్మ దగ్గర ఒక అర ఖాళీగా ఉంది. పేరు సుబ్బమ్మ, పుట్టింటివాళ్లెవరో తెలియదు. తెలిసే అవకాశం ఉన్నది మా అమ్మ వాళ్ల పిన్ని ఒక్కరికే, ఆవిడకు తొంభై ఏళ్లు. సంక్రాంతికి టికెట్ తీసుకున్నాను.