వన్ పీస్: పదేళ్లకు పైగా చూస్తున్నాను, కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నా మాట

"వెయ్యికి పైగా ఎపిసోడ్లా? అమ్మో, నా వల్ల కాదు." జపాన్ బొమ్మల సీరియల్ వన్ పీస్ చూడమని ఎవరికి చెప్పినా ముందు వచ్చే జవాబు ఇదే. 2014 వేసవి సెలవుల్లో తమ్ముడు పోరుపెట్టినప్పుడు, అప్పటికి ఆరు వందల పైచిలుకే అయినా, నేనూ ఇలాగే అన్నాను. ఒక్క ఎపిసోడ్ చూసి వదిలేద్దామని కూర్చున్నాను. అప్పటి నుంచి చూస్తూనే ఉన్నాను. చదువు అయిపోయింది, ఉద్యోగం వచ్చింది, రెండు ఊళ్లు మారాను. కథానాయకుడు లూఫీ ప్రయాణం మాత్రం ఇంకా సాగుతూనే ఉంది.

కథ రెండు ముక్కల్లో చెప్పేయొచ్చు. సముద్రపు దొంగల రాజు గోల్ డి. రోజర్ మరణశిక్షకు ముందు, తన నిధినంతా ఒకచోట వదిలేశానని, కావాలంటే వెతుక్కోమని చెప్పి పోతాడు. ఆ నిధే వన్ పీస్. దాన్ని వెతుక్కుంటూ గడ్డి టోపీ పెట్టుకుని బయల్దేరిన కుర్రాడు లూఫీ. ఒక వింత పండు తిని ఒళ్లంతా రబ్బరులా సాగుతుంది, బదులుగా ఈత రాకుండా పోతుంది. సముద్రం మీద బతకాలనుకున్నవాడు నీళ్లలో పడితే మునిగిపోతాడు, తోటివాళ్లే దూకి బయటికి లాగాలి. ఈ కథ మనసు మొత్తం అక్కడే ఉందని నాకు అనిపిస్తుంది.

ఎయిచిరో ఓడా 1997లో మాంగాగా, అంటే జపాన్ బొమ్మల పుస్తకంగా మొదలుపెట్టిన ఈ కథను టోయ్ యానిమేషన్ 1999 అక్టోబరు నుంచి ఎనిమేగా, అంటే కదిలే బొమ్మల సీరియల్‌గా తీస్తోంది. కాబట్టి మొదట్లో బొమ్మ పాతగా కనిపిస్తుంది. 206వ ఎపిసోడ్ దాకా పాత టీవీల్లోలా చదరపు తెరే. పది ఎపిసోడ్లు చూసేసరికి కన్ను అలవాటు పడిపోతుంది.

కొత్తవాళ్లకు నేను చెప్పేది ఒకటే. వెయ్యి సంగతి మర్చిపోండి, 45 ఎపిసోడ్లు చూడండి. అక్కడికి లూఫీ ఓడలో దారి చూపే అమ్మాయి నామి ఊరి కథ పూర్తవుతుంది. అప్పటికీ మనసుకు పట్టకపోతే హాయిగా ఆపేయండి, నేను మళ్లీ అడగను.

ఎందుకంటే 37వ ఎపిసోడ్. అర్లాంగ్ అనే సముద్రపు దొంగ చెర నుంచి ఊరిని కొనుక్కోవడానికి నామి ఎనిమిదేళ్లు రూపాయి రూపాయి కూడబెట్టినట్టు సొమ్ము పోగేస్తుంది. ఆ సొమ్మును అర్లాంగ్ దగ్గర లంచం తిన్న నౌకాదళ అధికారి ఎత్తుకుపోతాడు. నామి నేల మీద కూలబడి, భుజం మీద అర్లాంగ్ వేయించిన పచ్చబొట్టును కత్తితో పొడుచుకుంటుంది. లూఫీ వచ్చి చెయ్యి పట్టుకుంటాడు. పొమ్మంటూ ఆమె మట్టి విసురుతుంది. అతను కదలడు, ఏమైందని అడగడు. చివరికి ఆమె నోట సాయం చెయ్యమన్న మాట రాగానే, ఎవరినీ ముట్టుకోనివ్వని తన టోపీ తీసి ఆమె తల మీద పెట్టి నడుచుకుంటూ వెళ్లిపోతాడు. మొదటిసారి చూసినప్పుడు తమ్ముడూ నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఆ రాత్రి తెల్లారేదాకా చూస్తూనే కూర్చున్నాం.

డ్రమ్ దీవి కథను మా అమ్మకు కూడా చూపించాను. పక్కన కూర్చుని మాట మాటా తెలుగులో చెబుతూ వెళ్లాను. మంచు తప్ప మరొకటి తెలియని దేశంలో చెర్రీ పూలు పూయించాలని ముప్పై ఏళ్లు తపించిన డాక్టరు హిరిలుక్, ఆయన చేరదీసిన చాపర్ అనే చిన్న దుప్పి. చివర్లో కొండ మీద గులాబీ రంగు మంచు కురుస్తుంటే అమ్మ, "ఆ పెద్దాయన ఉండి చూస్తే ఎంత బాగుండేదిరా" అంది. బొమ్మల సినిమాలు పిల్లలకే అనుకునే మనిషి ఆవిడ.

నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం వాటర్ 7, దాని వెంటే వచ్చే ఎనీస్ లాబీ. 229 నుంచి 312 దాకా. గోయింగ్ మెర్రీ అనే లూఫీ జట్టు చిన్న ఓడ ఇక బాగుపడదని వడ్రంగులు తేల్చి చెబుతారు. ఒప్పుకోలేని జట్టు మనిషి ఉసోప్, ఒప్పుకోక తప్పని లూఫీ కొట్టుకునేదాకా వస్తుంది. ఇద్దరి మాటా న్యాయమే, అందుకే చూడటం అంత కష్టం. మంచు కురుస్తుండగా మెర్రీని సాగనంపే ఎపిసోడ్‌ను ఇప్పటికీ ఒంటరిగానే చూస్తాను.

లోపాలు దాచను. 517 తర్వాత నడక బాగా నెమ్మదిస్తుంది. పాట, ముందు జరిగిన కథ కలిసి మొదటి నాలుగైదు నిమిషాలు తినేస్తాయి, మిగతాదాంట్లో ఒకే దెబ్బను మూడు వైపుల నుంచి చూపిస్తారు. డ్రెస్‌రోజా అనే భాగం ఒక్కటే 629 నుంచి 746 వరకు, 118 ఎపిసోడ్లు. అక్కడ విసిగిపోయి ఎనిమిది నెలలు ఆపేశాను. చివరికి ఆ భాగం మాంగాలో చదివి, ముఖ్యమైన పోరాటాలు మాత్రం చూసి ముందుకెళ్లాను. మీకూ అదే చెబుతాను. ఆడపాత్రల్ని గీసే తీరు పోనుపోను నాకు నచ్చలేదు, ఓడలో వంటవాడు సాంజి వెకిలి చూపులూ అంతే. చిన్నపిల్లలు చూస్తుంటే పక్కన పెద్దవాళ్లు ఉండటం మంచిది.

2019లో మొదలైన వానో భాగం నుంచి మాత్రం గీత, రంగు అన్నీ మారిపోయాయి. తెర మీద అంత అందంగా ఉంటుందని ముందు భాగాలు చూస్తున్నప్పుడు ఊహించలేదు.

ఫిల్లర్లు, అంటే మాంగాలో లేకుండా మధ్యలో కలిపిన ఎపిసోడ్లు, చాలావరకు వదిలేయొచ్చు, కానీ 196 నుంచి 206 వరకు వచ్చే జి-8 కోట కథ వదలొద్దు, మాంగాలో లేకపోయినా హాయిగా నవ్విస్తుంది. వీలైతే జపనీస్ మాటలతో, సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూడండి. ఈ సీరియల్‌లో లూఫీ గొంతు మొదటి నుంచీ మయూమి తనాకా అనే నటిదే. అరిచినా, అన్నం కోసం మారాం చేసినా, ఆ గొంతు లేని లూఫీని నేను ఊహించుకోలేను. మొదట్లో చదువుతూ చూడటం కష్టమనిపిస్తే వారం ఓపిక పట్టండి, అలవాటైపోతుంది.

ఇంకొక్కటి. 62వ ఎపిసోడ్‌లో లబూన్ అనే తిమింగలం వస్తుంది, ఎవరి కోసమో యాభై ఏళ్లుగా ఎదురుచూస్తూ కొండకు తల బాదుకుంటూ ఉంటుంది. ఆ పేరు గుర్తుపెట్టుకోండి. మూడు వందల ఎపిసోడ్ల తర్వాత, ఓడ మీద ఒక్కొక్కరే ఒరిగిపోతుంటే పాట మాత్రం ఆగని రాత్రి ఒకటి వస్తుంది. అప్పుడు ఆ పేరు మళ్లీ వినిపిస్తుంది.