లేహ్ చలి: ఎండలో ఒక లెక్క, నీడలో ఒక లెక్క

లడఖ్ వెళ్లొచ్చామని చెప్పగానే మనవాళ్లు అడిగే మొదటి మాట, "అక్కడ చలి ఎంత ఉంటుంది?" లేహ్ విషయంలో దీనికి ఒక్క అంకెతో జవాబు చెప్పలేం. ఊరు ఉన్నది సుమారు 3,500 మీటర్ల ఎత్తులో. గాలి పలచన, తేమ చాలా తక్కువ. ఏడాది మొత్తం మీద పడే వాన 100 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. అందుకే ఎండలో నిలబడితే ఒళ్లు చుర్రుమంటుంది, నాలుగడుగులు వేసి గోడ నీడలోకి వస్తే స్వెటర్ కావాలి. పొద్దు వాలితే చాలు, పగటి వేడి ఇట్టే పోతుంది.

మేం కుటుంబంతో సెప్టెంబర్‌లో వెళ్లాం, తర్వాత స్నేహితులతో ఒక ఫిబ్రవరిలో కూడా ఉండి వచ్చాం. పెద్దవాళ్లు, పిల్లలు ఉంటే సెప్టెంబరే మంచిదని నేను గట్టిగా చెప్తాను. పగలు 20 డిగ్రీలు, తెల్లవారుజామున 5 దాకా ఉంటుంది. జూలై, ఆగస్టుల్లో పగలు 25 వరకు వెళ్తుంది కాబట్టి అంకెల్లో అవే హాయి. కానీ జనం కూడా అప్పుడే ఎక్కువ, గదుల అద్దెలూ అలాగే ఉంటాయి. పైగా వానకు అలవాటు లేని కొండలవి. 2010 ఆగస్టులో కురిసిన కుండపోతకు లేహ్‌లో ఎంత ప్రాణనష్టం జరిగిందో అక్కడివాళ్లు ఇప్పటికీ చెప్తారు. మే నెలలో పగలు బాగానే ఉన్నా రాత్రులు సున్నాకు దగ్గరగా ఉంటాయి. అక్టోబర్‌లో పోప్లర్ చెట్లన్నీ పసుపు రంగులోకి మారతాయి, చాలా అందంగా ఉంటుంది. నెలాఖరుకల్లా రాత్రి సున్నా దిగిపోతుంది, గెస్ట్‌హౌస్‌లు ఒక్కొక్కటే మూసేస్తారు. జనవరిలో పగలే సున్నా దగ్గర, రాత్రి మైనస్ 14, 15.

బస విషయంలో నాకు అర్థమైంది ఒకటే: గది ఫొటోలు కాదు, కిటికీ ఏ దిక్కుకు ఉందో చూడాలి. లేహ్‌లోనే ఉన్న చాంగ్‌స్పా అనే పేటలో మొదట మాకిచ్చింది ఉత్తరం వైపు గది. కిటికీలోంచి చక్కటి తోట కనిపిస్తుంది కానీ మధ్యాహ్నం కూడా దుప్పటి కప్పుకునే కూర్చున్నాం. మర్నాడు పై అంతస్తులో దక్షిణం గదికి మారాం. పొద్దున్నే మంచం మీద ఎండ పడేది, సాయంత్రం గోడ మీద చెయ్యి పెడితే ఇంకా వెచ్చగా ఉండేది. అద్దె మాత్రం అంతే. లడఖ్‌లో కొత్తగా కట్టే చాలా ఇళ్లకు దక్షిణం వైపు అద్దాల గది ఉండేది ఇందుకే.

ఫిబ్రవరి వేరే లోకం. ఎముకలు కొరికే చలి. పైపుల్లో నీళ్లు గడ్డకడతాయి కాబట్టి కొళాయిలు పనిచేయవు, బకెట్‌తో తెచ్చిస్తారు. ఓ హోటల్‌వాళ్లు ఫోన్‌లో "హీటింగ్ ఉంది సార్" అన్నారు. తీరా వెళ్తే సాయంత్రం కాసేపు వేసి, మేం పడుకునే వేళకు ఆపేశారు. పొద్దున లేచేసరికి మంచం పక్కన స్టీలు గ్లాసులో నీళ్లు పైన పొరలా గడ్డకట్టి ఉన్నాయి. అక్కడినుంచి సంకర్ వైపు ఒక హోమ్‌స్టేకి మారితే ప్రాణం లేచొచ్చింది. వంటగదిలో బుఖారీ, అంటే కట్టెల పొయ్యి, దాని చుట్టూ ఇంటివాళ్లతో పాటు మేమూ. నీళ్లు పోయకుండా మట్టితో కప్పే పాతకాలపు పొడి మరుగుదొడ్డి ఒక్కటే మనకు కొత్త. ఆ కాలంలో అదే నయం, గడ్డకట్టడానికి అందులో నీళ్లే ఉండవు.

తిండికి వస్తే, అక్కడ నీళ్లు 88 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. కుక్కర్ లేకుండా వండితే అన్నం పలుకుగానే ఉంటుంది, పప్పు ఉడకదు. రైస్ ప్లేట్ల జోలికి పోకుండా వేడివేడి థుక్పా (నూడుల్స్ సూప్), ఖంబీర్ అనే అక్కడి రొట్టె తినండి. వెన్న టీ మా అమ్మకు నచ్చలేదు, నాకు మాత్రం రెండో కప్పుకే అలవాటైంది.

టాక్సీలకు యూనియన్ రేట్లు ఉంటాయి, బేరాల గొడవ లేదు. ప్రీపెయిడ్ సిమ్‌ను నమ్ముకోకండి, పోస్ట్‌పెయిడ్ తీసుకెళ్లండి. మధ్యాహ్నం గాలులు లేస్తాయి కాబట్టి విమానాలు ఎక్కువగా పొద్దున్నే దిగుతాయి. గాలి పలచన కాబట్టి దిగిన మొదటి రెండు రోజులు మెట్లెక్కడం, తిరగడం వద్దు. తలనొప్పి, వాంతులు తగ్గకపోతే ఓర్చుకుని కూర్చోకుండా ఆస్పత్రికి వెళ్లాలి.

లేహ్ నుంచి బయటికి వెళ్తే, రాత్రి బసకు పాంగాంగ్ సరస్సు కంటే నుబ్రా లోయ మేలు. నుబ్రాలోని హుందర్ అనే ఊరు సుమారు 3,100 మీటర్లే, లేహ్ కంటే కాస్త వెచ్చన. మధ్యలో 5,359 మీటర్ల ఖర్దుంగ్ లా అనే కనుమ దాటాలి, అక్కడ పది నిమిషాలకు మించి ఆగొద్దు. పాంగాంగ్ 4,200 మీటర్లు పైనే. సరస్సు మీదుగా రాత్రంతా గాలి కొడుతుంది. అమ్మను టెంట్‌లో పడుకోబెట్టే ధైర్యం నాకు లేక సరస్సు ఒడ్డున స్పాంగ్మిక్ అనే ఊళ్లో గోడలున్న గది తీసుకున్నాం. అప్పటికీ రాత్రంతా రెండు రజాయిలు కప్పుకోవాల్సి వచ్చింది.