కారిడార్ ఫ్లాటా, ముంగిలి ఫ్లాటా, మెట్లకి నాలుగు గుమ్మాలా: ఏది మేలు?

మన ఒడిశా బరంపురంలో ఇప్పుడు పాత పొడుగిళ్లు ఒక్కొక్కటిగా డెవలప్‌మెంట్‌కి వెళ్లిపోతున్నాయి. అన్నదమ్ములకి పంపకాలు కుదరక బిల్డర్ చేతికి ఇచ్చేస్తున్నారు. ఛత్రపురంలోనూ రాయగడలోనూ ఇదే వరస. నేను ప్లాన్లు గీసే పనిలో ఉన్నాను కాబట్టి మన తెలుగువాళ్లలో ఎవరు కనిపించినా అదే మాట: "అన్నయ్యా, బిల్డర్ రెండు మూడు రకాల ప్లాన్లు చూపించాడు, దేనికి సరే అనమంటావు?" కార్పెట్ ఏరియా, వాస్తు, పార్కింగ్ సంగతులు మీ అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను. నేను ముందు చూసేది వేరే: మీ గుమ్మం దాటగానే ఏముంది, ఆ చోటు ఎన్ని కుటుంబాలది?

మధ్యలో కారిడార్, అటూ ఇటూ ఫ్లాట్లు ఉన్న ప్లానంటే బిల్డర్లకి ప్రాణం. ఒక్క లిఫ్టు మీద అంతస్తుకి పది పన్నెండు ఫ్లాట్లు లాగేయొచ్చు, దాంతో రేటు కూడా కొంత తగ్గుతుంది, ఆ లాభం కొనేవాళ్లకీ నిజంగానే ఉంది. కానీ చివర మూలల్లో ఉన్నవి తప్పిస్తే మిగతా ఫ్లాట్లకి కిటికీలు ఒకవైపే. గాలి రావడానికి ఒక దారి, పోవడానికి ఇంకో దారి ఉండాలి. ఒకవైపే కిటికీ ఉంటే ఆ గాలి గది ఎత్తుకి రెండింతల లోతు వరకే పనిచేస్తుందని మా పనిలో ఒక లెక్క, అంటే పది అడుగుల ఎత్తున్న గదిలో ఇరవై అడుగులు, వంటిల్లేమో చాలాసార్లు దానికి అవతలే ఉంటుంది. గోపాల్‌పూర్ సముద్రం పక్కనే పెట్టుకుని, సాయంత్రం వీచే గాలిని ఇంట్లోకి రాకుండా కట్టుకోవడం నాకు బాధగా ఉంటుంది. 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను వచ్చాక కరెంటు లేని రోజులు ఇక్కడ ఎవరూ మర్చిపోలేదు. అలాంటప్పుడు ఆ కారిడార్లో పట్టపగలు కూడా మొబైల్ లైటు వేసుకుని తాళం తియ్యాలి.

గాలి కంటే నాకు ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. అమెరికాలో సెయింట్ లూయిస్ నగరంలో ప్రూయిట్-ఐగో అని 11 అంతస్తుల బిల్డింగులు 33 కట్టారు, 1950లలో. 1972లోనే కూల్చడం మొదలైంది. దానికి డబ్బు లేకపోవడం, నిర్వహణ గాలికి వదిలేయడం లాంటి కారణాలు చాలా ఉన్నాయి, నేరమంతా డిజైన్ మీద తోసెయ్యకూడదు. కానీ దాన్ని దగ్గర్నుంచి చూసిన ఆస్కార్ న్యూమన్ అనే ఆర్కిటెక్ట్ గమనించింది నేను ఎప్పుడూ చెబుతుంటాను: అదే బిల్డింగులో రెండు కుటుంబాలు పంచుకునే ల్యాండింగులు, అంటే మెట్లెక్కగానే గుమ్మాల ముందుండే చోట్లు, శుభ్రంగా ఉన్నాయి, ఇరవై కుటుంబాలు పంచుకునే కారిడార్లు పాడైపోయాయి. మనుషులు వాళ్లే, డబ్బు ఇబ్బందులూ అవే, మారింది గుమ్మాల లెక్క ఒక్కటే. మన ఊళ్లోనూ చూడండి, పన్నెండు గుమ్మాల కారిడార్లో బల్బు పోతే వారం దాకా ఎవరూ పట్టించుకోరు, మూడు గుమ్మాలుంటే సాయంత్రానికల్లా ఎవరో ఒకరు మార్చేస్తారు.

ఇక ముంగిలి రకం. మధ్యలో ఆకాశం కనిపించే ఖాళీ జాగా, దాని చుట్టూ వరండా, వరండా మీదికి ఫ్లాట్ల గుమ్మాలు. మండువా ఇళ్లలో పుట్టిపెరిగినవాళ్లకి ఇది చూడగానే నచ్చేస్తుంది, నాకూ ఇష్టమే. రెండువైపులా గాలి, కింద పిల్లలు ఆడుకుంటుంటే మూడో అంతస్తు నుంచి కేకేసి అన్నానికి పిలవొచ్చు, వరండా పిట్టగోడ పక్కన వడియాలు పెట్టుకోవచ్చు. చిక్కల్లా జాగాతోనే. బరంపురం 19 డిగ్రీల అక్షాంశం మీద ఉంది, డిసెంబరు చివర్లో మిట్టమధ్యాహ్నం కూడా యాభై అడుగుల బిల్డింగ్ నీడ దాదాపు 46 అడుగులు పడుతుంది. అంటే బిల్డింగ్ ఎంత ఎత్తో ముంగిలి సుమారు అంత వెడల్పు లేకపోతే కింది అంతస్తుకి చలికాలంలో ఎండ అందదు. మన పొడుగిళ్ల స్థలాల్లో అంత ఎవరిస్తారు? పది అడుగులు వదిలి దానికి ముంగిలి అని పేరు పెడితే అది వంటింటి వాసనలూ టీవీ మోతా పైకెక్కే గొట్టం అవుతుంది. పైగా అందరూ మీ పడకగది కిటికీ ముందునుంచే నడుస్తారు, ఆ కిటికీ మూసేశాక రెండువైపుల గాలి మాట ఎక్కడిది?

అందుకే నా ఓటు మూడోదానికి. ఒక్కో మెట్లకి అంతస్తుకి రెండు గుమ్మాలు, మహా అయితే నాలుగు, ల్యాండింగ్‌కి బయటి గోడలో పెద్ద కిటికీ. అలా కడితే దాదాపు ప్రతి ఫ్లాటుకీ రెండు దిక్కులు దొరుకుతాయి. ఆ ల్యాండింగ్‌ని ఆరడుగులు కాకుండా ఎనిమిది తొమ్మిది అడుగులు చేయించి, కిటికీ కింద కూర్చునేలా ఒక గట్టు కట్టించండి. మన వీధి అరుగు చేసిన పనే అది చేస్తుంది. కూర గిన్నె ఇవ్వడానికి వచ్చిన పిన్నిగారు అక్కడే ఓ పది నిమిషాలు కూర్చుంటారు, మీరు లోపల ఇల్లు సర్దుకుని పిలవాల్సిన పని లేదు, ఆవిడ చెప్పులు విప్పాల్సిన పనీ లేదు.

టవర్ల గురించి అడిగేవాళ్లకి: మన ఊళ్లకి ఇప్పట్లో అవసరం లేదు. కట్టినా లెక్క అదే. ముంబైలో ఆర్కిటెక్ట్ చార్లెస్ కొరియా 1983లో పూర్తి చేసిన కంచన్‌జంగా 28 అంతస్తులు, ఫ్లాట్లు మాత్రం 32. ప్రతి ఫ్లాటూ తూర్పు నుంచి పడమరకి గాలి ఆడేలా ఉంటుంది.

ఇలా మెట్లకి నాలుగు గుమ్మాలే అంటే రెండో మెట్లు, రెండో లిఫ్టు పెట్టాలి, గిట్టదని బిల్డర్ అంటాడు. పూర్తిగా అబద్ధం కాదు, ఖర్చు పెరుగుతుంది, లిఫ్టు మెయింటెనెన్సూ పెరుగుతుంది. కానీ కారిడార్‌కి పోయే జాగా కూడా మీ స్థలంలోదే కదా. రెండు ప్లాన్లలోనూ మెట్లు, లిఫ్టు, కారిడార్ కలిపి ఎన్ని చదరపు అడుగులు పోతున్నాయో కాగితం మీద రాసిమ్మనండి, ఆ రెండు అంకెలూ చూశాకే అగ్రిమెంట్ మీద సంతకం పెట్టండి.