చెరువు పూడ్చిన ప్లాట్‌కి మట్టి పరీక్ష: బెజవాడ ల్యాబ్ ఎలా ఉందంటే

ఒకప్పుడు చెరువున్న చోట ప్లాట్ కొన్నవాళ్లు పునాది తీసే ముందు బెంజ్ సర్కిల్ దగ్గరున్న ఈ చిన్న ల్యాబ్‌లో మట్టి పరీక్ష చేయించుకోండి, డబ్బుకి న్యాయం చేస్తారు. పైన పోసిన గ్రావెల్ చూసి మోసపోకండి, అసలు కథ కింద ఉంటుంది. మా స్థలంలో బోరు వేసి తీసిన మట్టి బూడిద రంగులో, అక్కడక్కడా తుప్పు మరకలతో ఉంది. ఏళ్ల తరబడి నీరు నిలిచి గాలి ఆడకపోతే మట్టిలోని ఇనుము అలా రంగు మారుతుందని, వేళ్ల వెంట గాలి దూరిన చోట మాత్రం ఎర్రబడుతుందని అక్కడి ఇంజనీరు గారు ఓపిగ్గా చెప్పారు. నిలకడ నీటిలో 0.002 మిల్లీమీటర్ల కన్నా సన్నటి బంకమట్టి రేణువులు కూడా అడుగుకు చేరతాయి కాబట్టి నీరు కిందికి ఇంకదు, ఆ మట్టి వానలకి ఉబ్బుతుంది, ఎండలకి నెర్రెలిస్తుంది, గోడలు పగిలేది అందుకే.

నాకు బాగా నచ్చింది ఉబ్బు పరీక్ష. పది గ్రాముల చొప్పున మట్టి ఒక జాడీలో నీళ్లలో, ఇంకోదాంట్లో కిరోసిన్‌లో వేసి 24 గంటలు ఉంచుతారు. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు, నీళ్లలో ఎంత ఎక్కువ పెరిగిందో చూస్తే విషయం తెలిసిపోతుంది. మాకు మామూలు పునాది వద్దని, అడుగున ఉబ్బెత్తుగా ఉండే అండర్ రీమ్డ్ పైల్స్ (భూమిలోకి లోతుగా దించే కాంక్రీటు స్తంభాలు) వేయమని రాసిచ్చారు.

రిపోర్టు మొత్తం ఇంగ్లీషులోనే ఇస్తారు, అది మార్చాలి. పార్కింగ్ కష్టం, బండి మీద వెళ్లండి.